రెండో అనుబంధం

ఫిబ్రవరి 3

జోరీగకి,

నీ ఉత్తరం శుక్రవారం వ్యానులో నీళ్ల సీసాల మధ్య కూర్చుని క్షేమంగా వచ్చింది. ఒక మూల తడిసి, నువ్వు మీ అన్నయ్యని తిట్టిన నాలుగు వాక్యాలూ అలుక్కుపోయాయి. ఆయన అదృష్టం. ఫోను పలకని కొండమీద ఉద్యోగం వెతుక్కున్నందుకు నిన్ను నేను తిట్టినవి మాత్రం ఆయన శ్రద్ధగా చదువుకున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న కంపెనీవాళ్లతో మూడో విడత చర్చలు జరిగాయి. వాళ్లు కిటికీవైపు నలుగురు, మన యూనివర్సిటీ తరఫున తలుపువైపు ఇద్దరం, డైరెక్టరుగారూ, ఒప్పందాల విభాగం నుంచి నేనూ. వాళ్ల లాయరుకి నేను కామా లాయరని పేరు పెట్టాను. ఒక కామా దగ్గర గంటన్నర కూర్చోగలడు మహానుభావుడు. నీళ్లలో కరిగిన సీసమనే విషలోహాన్ని పట్టేసే వాళ్ల ఫిల్టర్లని మీ నీటి పరీక్షా కేంద్రంలో ఏడాదిపాటు పరీక్షించాలి. దానికయ్యే పరికరాలూ మనుషులూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. అక్కడివరకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే.

"ఫలితాలు ప్రచురించాలంటే మా అనుమతి కావాలి," అన్నాడు.

"అనుమతి కుదరదండీ. ముందుగా చదువుకోడానికి గడువిస్తాం. ముప్పై రోజులు."

"మావాళ్లకి చదవడానికే తొంభై పడుతుంది."

"అయితే త్వరగా చదివేవాళ్లని పెట్టుకోండి," అన్నాను. డైరెక్టరుగారు నన్ను ఆపడానికి బల్లకింద నా కాలు తొక్కబోయి కామా లాయరు కాలు తొక్కారు. ఆయన "అబ్బా!" అన్నాడు. దాంతో ఆ విడత చర్చలు ముగిశాయి.

నవ్వుకోవడం అయ్యాక ఇది విను. ఈ నెలాఖరులోగా ఒప్పందం కుదరకపోతే మీ కేంద్రానికి తాళం వేస్తామని డైరెక్టరుగారు నాతో విడిగా అన్నారు. నిన్ను ఇక్కడికి రప్పించి ఏదో గుమాస్తా పని ఇస్తారట. నేను ఉండగా అంతదాకా రానివ్వను. నువ్వు బెంగ పెట్టుకోకు.

మోకాళ్లకి నూనె రాయమని మీ అన్నయ్యకి నువ్వైనా ఒక మాట రాయి. నా మాట వినరు.

మీ వదిన


ఫిబ్రవరి 10

వదినా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. మా గాజుసీసాలు కడిగే పెద్దమ్మ "ఏమైందమ్మా?" అంటూ చేతుల నిండా సబ్బునురగతో పరిగెత్తుకొచ్చింది. కాలు తొక్కిన కథ చెప్పాను. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఒక జాడీ పగలగొట్టింది. ఆ జాడీ మీ డైరెక్టరుగారి ఖాతా.

ఇక్కడ గోడపొడవునా పన్నెండు కుళాయిలు బిగించేశాం. ఒప్పందం కుదురుతుందని నాకంత నమ్మకం. నువ్వు బల్లకి అవతల కూర్చుంటే నాకు భయమేసేది గానీ, ఇవతలే కూర్చున్నావుగా! నాకు పదకొండేళ్లప్పుడు లెక్కల్లో తప్పి ప్రోగ్రెస్ కార్డు దాచుకుంటే, కొత్తకోడలివై ఉండి, నాన్న కంటపడకుండా నువ్వు సంతకం పెట్టావు. మర్నాటినుంచి రోజూ కూర్చోబెట్టి లెక్కలు చెప్పావు. అప్పటినుంచీ నువ్వు సంతకం పెట్టావంటే ఇక నేను చూడక్కర్లేదన్నట్టే బతుకుతున్నాను.

కంపెనీ ఏం అడిగినా ఇచ్చెయ్యి. పరికరాలమీద వాళ్ల బొమ్మ అంటించుకోమను, నా నుదుటిమీద అంటించినా ఊరుకుంటాను. నాకు ఒక్కటే కావాలి. దొరికింది దొరికినట్టు చెప్పుకోగలగాలి. కిందనున్న బడిలో వాళ్ల ఫిల్టరు అప్పుడే నమూనాగా పెట్టేశారు. పెద్దమ్మ మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది. ఫిల్టరు మంచిదైతే మంచిదని గట్టిగా అరుస్తాను. కాకపోతే అదీ అరవనివ్వాలి.

అన్నయ్యకి: నూనె రాసుకో. లేకపోతే నేనొచ్చి రాస్తాను, నా చేయి మెత్తనిది కాదని నీకు తెలుసు.

నీ జోరీగ


ఫిబ్రవరి 26

జోరీగా,

కుదిరింది! ముప్పై రోజులు! తొంభై నుంచి అరవైకి, అరవై నుంచి నలభై అయిదుకి, చివరికి ముప్పైకి దింపాను. గొంతు పోయింది. రెండురోజులుగా ఇంట్లో సైగలతో వంట చేయిస్తున్నాను. మీ అన్నయ్యకి ఇదే బాగున్నట్టుంది.

నీ సంతకం కావాల్సిన పేజీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కంపెనీవాళ్లు సోమవారమే కావాలంటున్నారు, కాబట్టి వ్యాను తిరిగి బయల్దేరేలోపు సంతకం చేసి డ్రైవరుకే ఇచ్చెయ్యి. మొత్తం ఒప్పందం అరవైనాలుగు పేజీలు. వెనక అనుబంధాలు మూడున్నాయి, అన్నీ నిర్వచనాలూ గడువులూ. వాటితో నీ బుర్ర పాడుచేసుకోకు. తీరిగ్గా ఒక ప్రతి పంపిస్తాను.

మా విభాగాధిపతి జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి నా పేరు కూడా అనుకుంటున్నారట. అనుకోనీ, అనుకోడానికి ఖర్చులేదు కదా అన్నారు మీ అన్నయ్య.

సంతకం మరిచిపోకు.

మీ వదిన


సెప్టెంబరు 8

వదినా,

ఇది తీరిగ్గా కూర్చుని చదువు. చదివాక నీ దగ్గరే ఉంచు. అన్నయ్యకి చెప్పకు, కంగారుపడతాడు.

ఏప్రిల్ చివర్లో బిగించిన ఫిల్టర్లు మొదటి నాలుగునెలలు ముత్యాల్లా పనిచేశాయి. అయిదోనెల నుంచి ఏదో తేడా కనబడుతోంది. రాత్రంతా కుళాయి కట్టేసి ఉంచి, పొద్దున్నే పట్టిన మొదటి గ్లాసు నీళ్లలో సీసం ఉంటోంది. ఫిల్టరు లేని కుళాయిలో ఉన్నదానికంటే ఎక్కువ! ఫిల్టరు ఇన్నాళ్లూ పట్టి దాచుకున్నదంతా రాత్రిపూట నిలవనీళ్లలోకి కొంచెం కొంచెంగా వదిలేస్తున్నట్టుంది. పది నిమిషాలు నీళ్లు వదిలితే మళ్లీ మామూలే. పన్నెండింట్లో ఏడు కుళాయిలు ఇలాగే చేస్తున్నాయి.

బళ్లో పిల్లలు పొద్దున్న రాగానే తాగేది ఆ మొదటి గ్లాసే.

ఇంకో నెల పరీక్ష చేసి, నా కొలతల్లో తప్పేమీ లేదని తేలాక రిపోర్టు రాసి కంపెనీకి పంపిస్తాను. నువ్వు సాధించిన ముప్పై రోజులు వాళ్లు చదువుకుంటారు. తర్వాత ప్రచురిస్తాను. ఈలోగా ఆగలేక నిన్న బడికి వెళ్లి, పొద్దున్నే పది నిమిషాలు కుళాయి వదిలేయమని పెద్ద టీచరుగారితో చెప్పాను. ఎందుకని అడిగారు. పైపులు పాతవి కదండీ అన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు వదినా, చెవులు ఎర్రబడ్డాయి.

ఇక్కడ బాగా ఒంటరిగా ఉంటోంది ఈమధ్య. సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్లిపోయాక పలకరించే ప్రాణి లేదు. కుళాయిలకి పేర్లు పెట్టుకున్నాను. ఎంత తిప్పినా కదలనిది అన్నయ్య. ఎప్పుడూ గలగలమనేది నువ్వు. రోజూ వాటితో కాసేపు మాట్లాడుతున్నాను. నీకు చెప్పుకుంటే నవ్వుతావని తెలుసు, అందుకే చెబుతున్నాను.

అనుబంధాల ప్రతి పంపుతానని ఇంకా పంపలేదు. ఈసారి వ్యానులో పెట్టు.

నీ జోరీగ


సెప్టెంబరు 15

జోరీగకి,

ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి చెప్పలేదు, నిశ్చింతగా ఉండు.

ఏడు కుళాయిల సంగతి ఏ తేదీన మొదట గమనించావో, ఎక్కడ రాసి ఉంచావో ఒక్కసారి చూసుకో. అన్నీ తేదీలతో సహా సవ్యంగా ఉండాలి. బడికి మళ్లీ వెళ్లకు. ఎవరితోనూ ఏమీ అనకు. ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

ఆ కుర్చీ నాకే ఇచ్చారు. పోయిన గురువారం ఆర్డరు వచ్చింది. గది పెద్దది, కిటికీలోంచి సైకిల్ స్టాండు కనబడుతుంది. మీ అన్నయ్య వీధి చివరిదాకా నడిచివెళ్లి మిఠాయిలు తెచ్చారు, మోకాళ్లు నొప్పి అనకుండా. నువ్వు ఇక్కడ ఉంటే బాగుండేది.

అంత ఒంటరిగా ఉండకు. రెండురోజులు సెలవు పెట్టి రా.

మీ వదిన

(అనుబంధాల ప్రతి జిరాక్సు తీయడం కుదరలేదు.)


సెప్టెంబరు 29

వదినా,

వ్యాను ఇంకో అరగంటలో కదులుతుంది, గబగబా రాస్తున్నాను. ముందు నీ బల్ల సొరుగుకి తాళం మార్చు. ఎవరో నీ సొరుగు తీశారు. నా ఉత్తరం దొంగిలించారు.

మొన్న మంగళవారం పొద్దున్న రెండు కార్లు వచ్చాయి. కంపెనీవాళ్లు నలుగురు, మన డైరెక్టరుగారు. నీ కామా లాయరుని చూడగానే గుర్తుపట్టాను. నా నోటు పుస్తకాలు అయిదూ అట్టపెట్టెలో సర్దించారు. నమూనా సీసాలున్న ఫ్రిజ్‌కి సీలు వేశారు. "ఇవి నా పుస్తకాలు," అన్నాను. "రెండో అనుబంధం ప్రకారం కంపెనీవి మేడం," అన్నాడు. అప్పుడు చూపించాడు. పరీక్షల్లో తేలే ప్రతి అంకె, ప్రతి పరిశీలన, అన్నీ 'కంపెనీ వ్యాపార రహస్యం' అని ఉంది. రహస్యాన్ని వాళ్ల రాతపూర్వక అనుమతి లేనిదే బయటపెట్టకూడదట. ముప్పై రోజుల గడువు రహస్యం కానివాటికేనట. రహస్యం కానిది ఏం మిగిలిందండీ అని అడిగాను. "మీ పేరు," అన్నాడు.

వదినా, చివరి నిమిషంలో నీకు తెలియకుండా ఆ పేజీలు మార్చేసి ఉంటారు. నువ్వు చూసి ఉంటే ఊరుకునేదానివా?

ఇంకా ఉంది. ఏడు కుళాయిల సంగతి వాళ్లకెలా తెలిసిందా అని చూస్తుంటే, ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. నా ఉత్తరం జిరాక్సు. నా చేతిరాత! 'మొదటి గ్లాసు' కింద ఎర్రగీత. బడి దగ్గర ఇంకో ఎర్రగీత. చివర మూడో ఎర్రగీత ఉంది. దాన్ని అందరిముందూ పైకి చదివాడు. "ఒంటరిగా ఉంటోంది... కుళాయిలకి పేర్లు పెట్టుకున్నాను... వాటితో మాట్లాడుతున్నాను..." చదివి, ఎంతో సానుభూతిగా, "ఇలాంటి మానసిక స్థితిలో పరిశీలనలు ఎంతవరకు నమ్మదగినవి మేడం?" అన్నాడు. డైరెక్టరుగారు చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డారు. పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. ఆవిడ ముందు తలెత్తలేకపోయాను.

బళ్లో చెప్పినందుకు నాకు నోటీసు ఇస్తారట. ఇవ్వనీ. నువ్వు వెంటనే ఫిర్యాదు చెయ్యి, నీ గదిలో దొంగతనం జరిగిందని. నీ కొత్త కుర్చీకి కూడా ఎసరు పెడతారేమోనని భయంగా ఉంది. జాగ్రత్త వదినా. అక్కడ ఎవర్నీ నమ్మకు.

నీ జోరీగ


అక్టోబరు 6

జోరీగకి,

ఈ ఉత్తరం మూడురోజులుగా రాస్తున్నాను.

నా సొరుగు ఎవరూ తీయలేదు. నీ ఉత్తరం నేనే ఇచ్చాను.

మూడో అనుబంధంలో ఒక నిబంధన ఉంది. ఫిల్టరుకి వ్యతిరేకంగా ఏది తేలినా పదిరోజుల్లో కంపెనీకి తెలియజేయాలి, లేకపోతే పరిశోధకురాలే బాధ్యురాలు. నువ్వింకో నెల ఆగుతానన్నావు. ఆగితే దాచిపెట్టావని నీమీదే కేసు పెట్టేవారు. నువ్వు సకాలంలో చెప్పినట్టు రుజువు ఉండాలని, తేదీ ఉంది కదా అని, ఆ ఉత్తరాన్నే డైరెక్టరుగారికి ఇచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెడతారనుకున్నాను. వాళ్లకి జిరాక్సు పంపిస్తారనుకోలేదు. నీ దగ్గరే ఉంచమని నువ్వు రాస్తే, మీ అన్నయ్యకి చెప్పకూడదని మాత్రమే అర్థం చేసుకున్నాను. ఇప్పుడు మళ్లీ చదివితే అలా లేదు. అప్పుడు నాకు అలా అర్థం కావడమే వీలుగా ఉందేమో.

రెండో అనుబంధం కూడా నాకు తెలుసు. సంతకాల రోజు పొద్దున్న కామా లాయరు కొత్త పేజీ తెచ్చాడు. నేను చదివాను. చదివింది నాకు అర్థమైంది కూడా. "ఇది ఒప్పుకుంటే ముప్పై రోజులకి అర్థమే లేదండీ," అన్నాను డైరెక్టరుగారితో. "ఇది ఒప్పుకోకపోతే మీ మరదలి కేంద్రమే లేదు," అన్నారాయన. ఒక్క నిమిషం ఆలోచించాను. ఫిల్టరు బాగానే పనిచేస్తుంది, గొడవే రాదు, ఈ పేజీ ఎప్పటికీ ఎవరికీ అవసరం పడదు అని నాకు నేను చెప్పుకున్నాను. నీకు చెబితే సంతకం పెట్టేదానివి కాదు. అందుకే చెప్పలేదు. అందుకే ప్రతి పంపలేదు.

అంతా నీకోసమే చేశానని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. నీ ఉత్తరం పట్టుకుని వెళ్లిన రోజున నా ప్రమోషన్ కాగితం డైరెక్టరుగారి బల్లమీద సంతకానికి సిద్ధంగా ఉంది. అది నా కంటపడలేదని అనలేను.

తిట్టు. ఎంతైనా తిట్టు. తిడుతూ ఉత్తరం రాయి, చాలు.

వదిన


అక్టోబరు 20

ఒప్పందాల విభాగాధిపతి గారికి,

మీ ఉత్తరం అందింది. తిట్టడానికి ఏమీ తోచలేదు.

వ్యాను డ్రైవరు వెళ్లాక కిందికి నడిచి బడికి వెళ్లాను. పెద్దమ్మని కూడా తీసుకెళ్లాను. పెద్ద టీచరుగారికి ఈసారి నిజం చెప్పాను. ఆవిడ నేను చెప్పేది పూర్తయ్యేలోపే వెళ్లి ఫిల్టరు ఊడదీయించారు. తిరిగొస్తుంటే దారిపొడవునా పెద్దమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. కేంద్రం గేటు దగ్గర ఆగి, "పోయిన నెల్లోనే తెలుసా అమ్మా నీకు?" అని అడిగింది. తెలుసన్నాను. "పైపులు పాతవన్నావుగా," అంది. మర్నాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి. మీరు నాకు చేసిందే నేను ఆవిడకి చేశాను, కాస్త చిన్న కొలతలో. అందుకు ఎవర్ని తప్పుపట్టాలో నాకు తెలియడం లేదు.

నోటీసు వచ్చింది. ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తప్పించారు. గోడమీది కుళాయిలు కట్టేసి తాళం వేశారు.

మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఇది బంధుత్వం మీద అడగడం కాదు. ఆ పేజీ సంతకాల రోజు పొద్దున్న మారిందనీ, నాకు చూపించలేదనీ తెలిసింది ముగ్గురికే. వాళ్లలో ఇద్దరు చెప్పరు. పాలకమండలి నన్ను వచ్చేనెల విచారిస్తుంది. మీరు ఏం చేస్తారో మీ ఇష్టం.

అన్నయ్యకి నేను ఏమీ రాయలేదు. చెప్పాల్సింది మీరే చెప్పండి.

ఇట్లు,
పరిశోధకురాలు, నీటి పరీక్షా కేంద్రం


డిసెంబరు 2

జోరీగా,

అలా పిలవచ్చో లేదో తెలియదు. చేయి అలవాటుకొద్దీ రాసేసింది.

పాలకమండలి ముందు నిన్న అంతా చెప్పాను. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టాను. నీ సంతకం ఎలా తెప్పించుకున్నానో కూడా చెప్పాను. "ఈమె చెప్పేది మరదలిని కాపాడుకోవడానికి," అన్నారు డైరెక్టరుగారు. "కాపాడేదాన్నైతే ఫిబ్రవరిలోనే చెప్పేదాన్నండీ," అన్నాను. కామా లాయరు తలవంచుకుని ఏదో రాసుకున్నాడు.

తీర్పు ఇవాళ వచ్చింది. పరిశోధకురాలికి చూపించని అనుబంధం ఆమెకి వర్తించదు. నీ నోటీసు రద్దు, పుస్తకాలు తిరిగి ఇచ్చేస్తారు. జనం ఆరోగ్యానికి సంబంధించినది ఇకమీదట ఏ ఒప్పందంలోనూ రహస్యం కాకూడదన్నారు. కంపెనీ తప్పుకుంది. నమూనాగా పెట్టిన మిగతా బళ్లలో కూడా ఆ ఫిల్టర్లు తీసేసి కొత్తరకం ఏదో పెడతామంటున్నారు. కేంద్రం ఉంటుందో ఉండదో మార్చిలో తేలుస్తారు.

నన్ను పరీక్షల విభాగానికి మార్చారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా హాల్‌టికెట్ల మీద ఫొటోలు సరిచూడటం పని. డైరెక్టరుగారు మాత్రం తన కుర్చీలోనే ఉన్నారు.

మీ అన్నయ్యకి అక్టోబరులోనే చెప్పాను. ఆయన అరవలేదు. "అది నిన్ను వదినలా చూసిందా ఎప్పుడైనా? అమ్మలా చూసింది," అని మాత్రం అన్నారు. ఆ రోజునుంచి నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు.

ఇంటికి రా. నీ గది అలాగే ఉంది. రాలేకపోతే ఒక్క ముక్క రాయి, ఏదైనా సరే.

వదిన


ఏప్రిల్ 18

వదినగారికి,

పత్రిక వచ్చింది. నా వ్యాసం మూడో పేజీలో ఉంది. ఒక ప్రతి అన్నయ్యకి పంపుతున్నాను, మీరూ చూడండి. చివర కృతజ్ఞతలు చెప్పుకునే చోట వ్యాను డ్రైవరు పేరు, బడి పెద్ద టీచరుగారి పేరు వేశాను. పెద్దమ్మ పేరు వేస్తానంటే వద్దని కబురు చేసింది, అయినా వేశాను. మీ పేరు గురించి ఒక రోజంతా ఆలోచించాను. పాలకమండలి ముందు మీరు నిలబడకపోతే ఈ వ్యాసం లేదు. అది నిజం. వేయలేకపోయాను. అదీ నిజమే.

కేంద్రానికి ఇంకో రెండేళ్లు ఆయుష్షు ఇచ్చారు. కొత్త ఒప్పందం పంపించారు, ఎనభై ఒక్క పేజీలు. మూడురోజులు కూర్చుని ప్రతి పేజీ చదివి, అనుబంధాలతో సహా, అప్పుడు సంతకం పెట్టాను.

అన్నయ్య మోకాలి ఆపరేషన్‌కి వస్తున్నాను. వారం ఉంటాను. వంట ఇద్దరం కలిసే చేద్దాం. మీతో మాట్లాడకుండా ఉండాలని నాకేమీ పట్టుదల లేదు. మీరు చేసింది చేసినట్టు ఒప్పుకున్నారు. ఆ మాటకొస్తే అందరికంటే ముందు ఒప్పుకున్నది మీరే. నాకు కోపం పోయిందనే అనుకుంటున్నాను.

ఉత్తరాలు మాత్రం ఇక రాయలేనండీ. ఏ విషయం ఉన్నా వచ్చినప్పుడు ఎదురుగా మాట్లాడుకుందాం. ఇదివరకు తోచింది తోచినట్టు రాసి, ఒక్కసారి కూడా తిరిగి చదవకుండా సీసాల మధ్య పడేసేదాన్ని. ఈ ఒక్క పేజీ నాలుగుసార్లు చదివాను. రెండుచోట్ల కొట్టేశాను.

మరదలు